గోడ మీద చీటీలు సరే... 'వద్దు' అనేదెవరు?

ముందుగా ఒక చిన్న క్విజ్. గూగుల్ చెయ్యకుండా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ లో కాన్‌బాన్ పద్ధతి మొట్టమొదట ఏ ఊళ్ళో పనిచేసే టీమ్ తో మొదలైంది?

టోక్యో అంటారా? సియాటిల్ అంటారా? రెండూ కాదు. మన హైదరాబాదే!

నేను ఈ ప్రశ్న చాలామందిని అడిగాను. పేరు వెనకాల మూడు సర్టిఫికెట్ల పొట్టి అక్షరాలు తగిలించుకున్న వాళ్ళని కూడా అడిగాను. ఒక్కరూ చెప్పలేదు. వాళ్ళని వెక్కిరించడానికి అడగలేదు లెండి. మన లీన్, కాన్‌బాన్ మీటప్ ల మీద నా గొడవంతా ఈ ప్రశ్నలోనే ఉంది కాబట్టి అడిగాను.

కథ తెలియని వాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను.

2004. మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగంలో ఎక్స్ఐటీ సస్టెయిన్డ్ ఇంజినీరింగ్ అని ఒక బుల్లి టీమ్ ఉండేది. కంపెనీ లోపల వాడుకునే అప్లికేషన్లలో చిన్న చిన్న మార్పులు చెయ్యడం, బగ్గులు సరిచెయ్యడం వాళ్ళ పని. అంటే మనలో సగం మంది చేసే పనే, మెయింటెనెన్స్. అడిగేవాళ్ళు అమెరికాలో. చేసేవాళ్ళు హైదరాబాద్ లో, ఒక సీఎంఎంఐ లెవెల్ 5 వెండర్ తరఫున. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు. పని నాణ్యతకి వంక పెట్టడానికి లేదు. కానీ ఒక మార్పు అడిగితే చేతికి రావడానికి దాదాపు 5 నెలలు! క్యూలో 80కి పైగా రిక్వెస్టులు. మొత్తం ఐటీ విభాగంలో కస్టమర్లు అందరికన్నా ఎక్కువగా తిట్టుకునే టీమ్ అదేనని పేరు.

డ్రాగోస్ డుమిత్రియు అనే మేనేజర్ ఆ టీమ్ బాధ్యత తీసుకుని, అదే కంపెనీలో ఉన్న డేవిడ్ ఆండర్సన్ సాయం అడిగాడు. ఇద్దరూ కూర్చుని చూస్తే తేలిందేంటంటే, మనవాళ్ళు బద్ధకస్తులూ కాదు, చేతకాని వాళ్ళూ కాదు. కొత్త రిక్వెస్ట్ ఏది వచ్చినా 48 గంటల్లో అంచనా చెప్పాలని రూలు. అంటే చేస్తున్న పని పక్కన పడేసి ఒక డెవలపరూ, ఒక టెస్టరూ దాని మీద కూర్చోవాలి. టీమ్ సత్తాలో మూడో వంతు దాకా ఈ అంచనాలకే పోయేది. పోనీ అంచనా వేసినవన్నీ చేసేవారా అంటే అదీ లేదు. చాలావాటిని చివరికి వద్దనే వారు. ఇక మిగతా టైమంతా "ముందు నాది, కాదు ముందు నాది" అనే పంచాయితీలే.

వాళ్ళు ఏం చేశారు? అంచనాలు ఆపేశారు. టీమ్ చేతిలో ఒకేసారి ఇన్ని పనులే ఉండాలని హద్దు పెట్టారు. ఒక చోటు ఖాళీ అయితేనే ఇంకోటి లోపలికి. ఆ ఖాళీలో ఏది పెట్టాలో అడిగేవాళ్ళే వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాలి. పని మొదలెడితే 25 రోజుల్లో ఇస్తామని మాట. తర్వాత టెస్టర్ల దగ్గర కొంత ఖాళీ ఉందని కనపడితే 3:3 ని 4:2 చేశారు. ఏడాది తిరిగేసరికి 5 నెలల పని 14 రోజులకి దిగింది. చెప్పిన గడువులోపు ఇచ్చినవి 98 శాతం. క్యూ కరిగిపోయింది. కోడ్ రాసే పద్ధతి, టెస్ట్ చేసే పద్ధతి ఏమీ మార్చలేదు.

2005 నవంబర్ లో బార్సిలోనాలో దీని మీద పేపర్ చదివారు. అప్పటికి దాని పేరు కాన్‌బాన్ కాదు. గోల్డ్‌రాట్ చెప్పిన కన్‌స్ట్రెయింట్స్ సిద్ధాంతంలోని డ్రమ్-బఫర్-రోప్ అన్నారు. ఇది నిజానికి టయోటా వాళ్ళ కాన్‌బాన్ లాంటిదే కదా అని డాన్ రైనర్ట్‌సెన్ అంటే, ఆండర్సన్ ఆ దారి పట్టాడు. 2010 లో కాన్‌బాన్ పుస్తకం రాసినప్పుడు ఇదే కథని మొదటి ఉదాహరణగా పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ పుస్తకంలో మేనేజర్ పేరుంది. ఆ పైన వైస్ ప్రెసిడెంట్ పేరు కూడా ఉంది. పొద్దున లేచి ఆ కోడ్ రాసిన ముగ్గురి పేర్లు, టెస్ట్ చేసిన ముగ్గురి పేర్లు మనలో ఎవరికైనా తెలుసా? వాళ్ళ వైపు నుంచి ఆ కథ ఎలా ఉంటుందో ఎవరైనా ఎప్పుడైనా విన్నారా? అంచనాలు ఆపేసిన రోజు వాళ్ళకేమనిపించింది? సాయంత్రం ఇంటికి త్వరగా వెళ్ళగలిగారా? ఏమో! వాళ్ళు ఆ కథలో 'ఆఫ్‌షోర్ టీమ్' గానే మిగిలిపోయారు.

ఇదీ నా గొడవ. పని మనం చేస్తాం, కథ వేరేవాళ్ళు చెప్తారు, ఆ కథనే పదేళ్ళ తర్వాత మనకి టికెట్ పెట్టి అమ్ముతారు. మనం క్యూలో నిలబడి కొనుక్కుంటాం.

మన మీటప్ లలో ఏం జరుగుతోంది?

హైదరాబాద్ లో లీన్, అజైల్, కాన్‌బాన్ అని పేరున్న సభలకి మీరు వెళ్ళే ఉంటారు. శనివారం పొద్దున, హైటెక్ సిటీ వైపు ఏదో కంపెనీ ఆడిటోరియం. గేటు దగ్గర లాప్‌టాప్ సీరియల్ నంబర్ రాసుకుంటారు. లోపల ఒక కోచ్ గారు, నూట పాతిక స్లైడ్లు. మొదటి స్లైడ్ లో టయోటా, చివరి స్లైడ్ లో తన ట్రైనింగ్ కి డిస్కౌంట్ కోడ్. మధ్యలో రంగురంగుల చీటీలు పంచి ఒక ఆట ఆడిస్తారు. సమోసా, టీ. గ్రూప్ ఫోటో. అయిపోయింది!

ఆటలు వద్దని కాదు. వాటిలో నేర్చుకునేది ఉంది. కానీ గమనించండి, ఆ నాలుగు గంటల్లో "మా టీమ్ లో ఇప్పుడు 34 టికెట్లు ఓపెన్ గా ఉన్నాయి, అందులో 19 రివ్యూ దగ్గర ఆగిపోయాయి, ఏం చెయ్యాలి?" అని ఒక్క ఇంజినీర్ లేచి మాట్లాడటం చూశారా? నేను చూడలేదు. మాట్లాడేవాడు పని చెయ్యడు, పని చేసేవాడు మాట్లాడడు.

ఒకసారి ప్రశ్నల టైమ్ లో వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. మా పక్క యాస, వినగానే తెలిసిపోయింది. ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు. "సర్, వాట్ ఇఫ్ ద క్లయింట్..." అని రెండు సార్లు తడబడి, ఇక లాభం లేదని "సార్, లిమిట్ మూడు అని బోర్డు మీద రాస్తం, క్లయింట్ నాలుగోది పంపుతడు, మా మేనేజర్ సరే అంటడు. అప్పుడు నేనేం జెయ్యాలె సార్?" అని అడిగేశాడు. హాల్లో నవ్వులు. కోచ్ గారు కూడా నవ్వి, అది మైండ్‌సెట్ కి సంబంధించిన విషయం, ఆఫ్‌లైన్ లో మాట్లాడదాం అన్నారు.

ఆ రోజంతటికీ అసలైన ప్రశ్న అదొక్కటే! దానికి జవాబు లేనప్పుడు మిగతా నూట పాతిక స్లైడ్లు దేనికి?

బోర్డు తర్వాత వచ్చింది, హద్దు ముందొచ్చింది

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. ఆ హైదరాబాద్ టీమ్ కి అసలు గోడ మీద బోర్డే లేదు. చీటీలూ లేవు. అన్నీ ఒక ట్రాకింగ్ టూల్ లోనే నడిచాయి. గోడ మీద చీటీలు అంటించడం ఆ తర్వాత, ఆండర్సన్ సియాటిల్ లోని కోర్బిస్ కంపెనీకి మారాక 2007 ప్రాంతంలో వచ్చింది. అంటే వరస ఇదీ: ముందు హద్దు, ఆ తర్వాత బోర్డు.

మన ఆఫీసుల్లో వరస తిరగబడింది. ముందు బోర్డు వస్తుంది. హద్దు ఎప్పటికీ రాదు. జిరాలో నాలుగు గళ్ళు గీసి, పైన 3 అని రాసి, కింద 11 టికెట్లు పెట్టుకుని, ఆ గడి ఎర్రగా మెరుస్తుంటే దాన్ని ఆర్నెల్లు అలాగే చూస్తూ కూర్చునే టీమ్ లు నాకు తెలుసు. పైగా ఆ బోర్డు వల్ల ఎవడు ఏం చేస్తున్నాడో మేనేజర్ కి గంట గంటకీ తెలుస్తుంది. కాన్‌బాన్ కాస్తా హాజరు పట్టీ అయి కూర్చుంది.

హద్దు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి తత్వశాస్త్రం అక్కర్లేదు. 1961 లో జాన్ లిటిల్ నిరూపించిన ఒక లెక్క చాలు. చేతిలో ఉన్న పనులని వారానికి పూర్తయ్యే పనులతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే కాలం వస్తుంది. 30 పనులు చేతిలో ఉండి వారానికి 6 పూర్తి చేస్తుంటే, ఒక్కోటి 5 వారాలు. అదే టీమ్, అదే వేగం, చేతిలో 12 మాత్రమే ఉంటే 2 వారాలు. ఎవరూ రాత్రి పదింటి దాకా కూర్చోలేదు, ఎవరూ శనివారం రాలేదు. ఐదో క్లాసు భాగహారం!

మరి అంత తేలికైతే ఎందుకు జరగడం లేదు? 30 ని 12 చెయ్యాలంటే 18 పనులకి ఎవరో ఒకరు "ఇప్పుడు వద్దు" అనాలి. మన దగ్గర ఆ మాట అనే హక్కు పని చేసేవాడికి లేదు. టయోటా ఫ్యాక్టరీలో లైను మీద పనిచేసే మనిషి తప్పు కనపడితే తాడు లాగొచ్చు. సరిదిద్దకపోతే లైను ఆగిపోతుంది. తాడు లాగినందుకు తిట్టరు. మన ఫ్లోర్ లో ఆ తాడు ఎక్కడుంది? అప్రైజల్ ఫారం లో ఉంది, దాని రెండో కొస మేనేజర్ చేతిలో ఉంది :)

ఇక కరీంనగర్ ఎందుకంటారా?

క్యూ అంటే ఏమిటో మా జిల్లాల వాళ్ళకి ఎవరూ స్లైడ్ వేసి చూపించక్కర్లేదు కాబట్టి.

యాసంగి కోతలప్పుడు జగిత్యాల, పెద్దపల్లి పక్క ఏ కొనుగోలు కేంద్రం దగ్గరికైనా వెళ్ళి చూడండి. ఒకప్పుడు కూలీలు కొడవళ్ళతో కోస్తే ఊరి కోత అయ్యేసరికి వారాలు పట్టేది. ఇప్పుడు హార్వెస్టర్ దిగితే గంటల్లో పొలం ఖాళీ. వడ్లన్నీ ఒకేసారి కేంద్రానికి వచ్చి పడతాయి. కానీ కాంటా పెట్టే హమాలీలు అంతమందే. గన్నీ సంచులు వచ్చినప్పుడే వస్తాయి. లారీ నింపి పంపితే మిల్లు దగ్గర దించుకోవడానికి అది రోజుల తరబడి నిలబడుతుంది. లారీ తిరిగి రాదు కాబట్టి ఇక్కడ కాంటా ఆగుతుంది. ఈలోపు వాన. ఆర్నెల్ల కష్టం రోడ్డు మీద మొలకెత్తుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఇక్కడ లోపం ఎక్కడుంది? కోత వేగంలో కాదు కదా. ఇంకో పది హార్వెస్టర్లు తెస్తే కుప్పలు పెరుగుతాయే తప్ప రైతు చేతికి డబ్బు ఒక్క రోజు కూడా ముందు రాదు. అడ్డం పడింది మిల్లు గేటు దగ్గర. ఈ ముక్క మా చిన్నాయనకి తెలుసు. ఆయన ఏ సర్టిఫికెట్ కోర్సూ చెయ్యలేదు.

మన పరిశ్రమలో ఇప్పుడు అచ్చం ఇదే జరుగుతోంది. ఏఐ టూళ్ళు వచ్చాయి, కోడ్ రాయడం హార్వెస్టర్ లాగా అయింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. రాసిన కోడ్ ని చదివేవాడు, టెస్ట్ చేసేవాడు, ప్రొడక్షన్ లో పెట్టడానికి సరే అనేవాడు మాత్రం ఆ పాత నలుగురే. రివ్యూ గడిలో కుప్పలు. "ఇంత త్వరగా రాస్తున్నారు కదా, ఇంకో ఫీచర్ కలపండి" అని పై నుంచి ఒత్తిడి. రేపు ఆ కుప్ప మీద వాన పడితే, అంటే ప్రొడక్షన్ కూలితే, రాత్రి రెండింటికి ఫోన్ ఎవరికి వస్తుందో మీకు వేరే చెప్పాలా?

ఆదిలాబాద్ వైపు పత్తి సంగతి చూడండి. మార్కెట్ యార్డు తెరిచిన రోజు నుంచీ బండ్లు, ట్రాలీలు బారులు తీరతాయి. సీసీఐ వాళ్ళు తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు, 12 దాకా కోత పెట్టి కొంటారు, దాటితే వద్దంటారు. 2025 సీజన్ లో కపాస్ కిసాన్ అని యాప్ తెచ్చారు. స్లాట్ బుక్ చేసుకుని ఆ రోజే రావాలి. కాగితం మీద చూస్తే ఇది కాన్‌బాన్ కార్డే! ఖాళీ ఉంటేనే లోపలికి. యార్డు ముందు లైను తగ్గాలి.

కానీ స్మార్ట్ ఫోన్ లేని రైతు సంగతేంటి? సిగ్నల్ లేని గూడెంలో ఓటీపీ ఎలా వస్తుంది? రైతులు ఈ మాటే అడిగారు. స్లాట్ దొరకని వాడి పత్తి ఇంట్లో కుప్ప పడి ఉంటుంది, అప్పు ఇచ్చినవాడు ఆగడు, చివరికి ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకి పోతుంది. క్యూ తగ్గలేదు, కనపడని చోటికి జరిగింది, అంతే.

నాకు ఇందులో పెద్ద పాఠం కనపడుతుంది. హద్దు అనేది మంచిదే. కానీ క్యూలో నిలబడే వాడిని అడగకుండా పై నుంచి పెట్టిన హద్దు ఇంకో గేటు అవుతుంది. మన ఆఫీసుల్లో కూడా అంతే. 'ఇన్ ప్రోగ్రెస్' గడికి 3 అని హద్దు పెట్టి, మిగతా ఇరవై ఫోన్ లోనూ, చాట్ లోనూ, "చిన్న పనే బ్రో, టికెట్ ఎందుకు" అంటూ నడిపిస్తే బోర్డు పచ్చగా ఉంటుంది, మనిషి నలిగిపోతాడు.

ఇలాంటి మాటలు మాట్లాడుకునే సభ కావాలి. అది ఆడిటోరియంలో దొరకడం లేదు.

ఎవరొస్తారు, ఏ భాషలో?

అభ్యంతరాలు నాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

"కరీంనగర్ లో ఐటీ వాళ్ళు ఎవరున్నారు?" ఉన్నారు. 2020 లో ఉజ్వల పార్కు దగ్గర ఐటీ టవర్ మొదలైంది. అదే ఏడాది లాక్‌డౌన్ లో వేల మంది ఇళ్ళకి తిరిగొచ్చి, మేడ మీద గదిలో కూర్చుని అమెరికా పనులు నడిపారు. కొందరు ఇప్పటికీ వారంలో సగం రోజులు ఇక్కడే. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, బాసరలో ట్రిపుల్ ఐటీ 2008 నుంచి ఉంది. అక్కడి పిల్లలు క్యాంపస్ దాటగానే నేరుగా ఈ క్యూలోకే వచ్చి పడతారు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ 300. ఒక శనివారం మధ్యాహ్నం మీటప్ కోసం ఆదిలాబాద్ కుర్రాడు ఆరు గంటలు బస్సులో కూర్చోవాలా? కోచ్ గారు ఒక్కసారి మంచిర్యాల రైలెక్కితే అరిగిపోతారా?

"పది మంది కూడా రారు." రాకపోతే ఏం? 2007 లో వాషింగ్టన్ లో అజైల్ సదస్సు జరిగింది. అక్కడ ఆండర్సన్ కాన్‌బాన్ గురించి మాట్లాడుకుందాం రమ్మంటే వచ్చింది సుమారు 25 మంది. అందులో ముగ్గురు యాహూ ఉద్యోగులు. ఇంటికెళ్ళి తమ టీమ్ లలో మొదలుపెట్టేశారు. ప్రపంచమంతా పాకింది అక్కడి నుంచే. 2009 లో సియాటిల్ లో జిమ్ బెన్సన్, జెరెమీ లైట్‌స్మిత్ 'లీన్ కాఫీ' మొదలుపెట్టారు. వక్త లేడు, అజెండా లేదు, స్పాన్సర్ లేడు. వచ్చినవాళ్ళు తలో విషయం చీటీ మీద రాస్తారు, ఓట్లు వేస్తారు, ఎక్కువ ఓట్లు వచ్చిన దాని గురించి కొన్ని నిమిషాలు మాట్లాడతారు, ఇంకా కావాలా వద్దా అని బొటనవేలు చూపిస్తారు. దీనికి ఆడిటోరియం ఎందుకండీ? బస్టాండ్ ఎదురుగా చాయ్ హోటల్ చాలదా?

"తెలుగులో ఇవన్నీ ఎలా చెప్తాం?" ఎలా తిట్టుకుంటామో అలాగే :) క్లయింట్ కాల్ అయ్యాక మ్యూట్ లో పెట్టి మనం మాట్లాడుకునేది ఏ భాషలో? నిజాలన్నీ ఆ భాషలోనే బయటికొస్తాయి. కాన్‌బాన్ ని కాన్‌బాన్ అనే అనండి, టికెట్ ని టికెట్ అనే అనండి, పదాలకి అనువాదం నేను అడగడం లేదు. వెనక వరస కుర్రాడు తడబడకుండా ప్రశ్న అడగగలగాలి, అది చాలు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడే మాట్లాడే సభలో మేనేజర్లు, కోచ్ లు తప్ప ఇంకెవరు మాట్లాడతారు?

"కంపెనీ రహస్యాలు బయటపడతాయి." కంపెనీ పేరు, క్లయింట్ పేరు ఎవరు చెప్పమన్నారు? చేతిలో ఎన్ని పనులు, వారానికి ఎన్ని పూర్తి, ఎక్కడ ఆగుతున్నాయి... ఈ మూడు అంకెలు చాలు. అందులో ఏ వ్యాపార రహస్యమూ లేదు. ఉన్న రహస్యమల్లా మనం ఎంత అధ్వాన్నంగా పని నడుపుతున్నామన్నదే. అది క్లయింట్ కి ముందే తెలుసు.

"ఇంజినీర్లు కూర్చుని మాట్లాడుకుంటే క్లయింట్ వింటాడా?" ఒక్కడు చెప్తే వినడు, ఒప్పుకుంటాను. కానీ ఆ 2004 కథలో మలుపు తిప్పింది గొంతు పెంచడం కాదు, లెక్క చూపించడం. అంచనాలకే మూడో వంతు పోతోందని అంకెలతో చూపించాకే రూలు మారింది. ఆ లెక్క మేనేజర్ చేతిలో ఉంటే మేనేజర్ చూపిస్తాడు. మన చేతిలో ఉంటే మనం చూపిస్తాం. నలుగురు కలిసి కూర్చుంటే ఆ లెక్క ఎలా రాసుకోవాలో, ఎవరి ముందు ఏ మాటతో పెట్టాలో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవచ్చు. మీటప్ అంటే నా దృష్టిలో అది. మిగతాది వ్యాపారం.

వ్యాపారం తప్పని నేను అనడం లేదు. కోచ్ లకీ ఇల్లు గడవాలి. కాకపోతే దానికి 'కమ్యూనిటీ' అని పేరు పెట్టకండి. ట్రైనింగ్ అమ్మేచోట ట్రైనింగ్ అని బోర్డు పెట్టండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇలా చేస్తే?

నేను అడిగేది ఇంతే:

1. రెండు నెలలకోసారి, ఒకసారి కరీంనగర్ లో, ఒకసారి మంచిర్యాలలోనో ఆదిలాబాద్ లోనో. ఆదివారం పొద్దున మూడు గంటలు.

2. స్లైడ్లు లేవు. అమ్మకాలు లేవు. కోచ్ లు రావొచ్చు, కానీ వినడానికి.

3. వచ్చిన ప్రతి ఒక్కరూ తమ టీమ్ మూడు అంకెలు తేవాలి. రెండోసారి వచ్చినప్పుడు అవి మారాయా లేదా చెప్పాలి. మారకపోతే ఎవరు ఆపారో చెప్పాలి. అదే అసలు చర్చ.

4. మాట్లాడే మొదటి గంట మూడేళ్ళ లోపు అనుభవం ఉన్నవాళ్ళది. అన్నలు, సార్లు ఆ గంట నోరు మూసుకోవాలి.

5. ప్రతిసారీ ఎవరో ఒకరు తెలుగులో రాసి పెట్టాలి. పేర్లు ఇష్టమైతే పెట్టండి, లేకపోతే వద్దు. కానీ కథ మనదై ఉండాలి.

ఐదోది చిన్న విషయం అనుకోకండి. నా మట్టుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. టయోటా వాళ్ళు 2001 లో తమ పద్ధతిని రాసుకున్నప్పుడు రెండే స్తంభాలు చెప్పారు: నిరంతరం మెరుగుపడటం, మనుషుల్ని గౌరవించడం. మన సభలు మొదటి దాన్ని పట్టుకుని రెండోదాన్ని సమోసా ప్లేటుతో సరిపెట్టాయి. పని చేసేవాడి మాటకి చోటు ఇవ్వని చోట గౌరవం ఎక్కడిది?

చివరగా ఒక మాట. 2004-05 లో ఆ ఎక్స్ఐటీ టీమ్ లో హైదరాబాద్ నుంచి పనిచేసిన వాళ్ళు ఇప్పుడు నలభైల్లోనో యాభైల్లోనో ఉంటారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే, ఒక్క ఆదివారం కరీంనగర్ రండి. చాయ్ ఖర్చు నాది. ఆండర్సన్ వెర్షన్ మేం చదువుకున్నాం. మీ వెర్షన్ చెప్పండి. అంచనాలు ఇక వెయ్యక్కర్లేదు అని మొదటిసారి విన్నప్పుడు నమ్మారా? నాలుగో పని వచ్చినప్పుడు 'వద్దు' అన్నది ఎవరు, ఎలా అన్నారు? ఆ వెనక వరస కుర్రాడికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.